పెద్ద హోటల్లో నాన్న పుట్టినరోజు: బల్ల దగ్గర కూడా ధమ్మమే

  

ఈమధ్య మన ఇళ్ళల్లో ఒక కొత్త ముచ్చట మొదలైంది. నాన్నకు అరవై నిండుతాయి. మిగతావాళ్ళయితే షష్టిపూర్తి చేస్తారు. పురోహితుణ్ణి పిలుస్తారు, హోమం వేయిస్తారు, అమ్మకూ నాన్నకూ మళ్ళీ తాళి కట్టిస్తారు. మనం 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్ళం, ఆ తంతు మనకు లేదు. మరి ఆ రోజు ఏం చెయ్యాలి? హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురో కొడుకో ముందుకొచ్చి, "జూబ్లీహిల్స్‌లో మంచి ఇటాలియన్ రెస్టారెంట్ ఉంది, టేబుల్ బుక్ చేశాను, అందరూ రండి" అంటారు.

అక్కణ్ణించి ఇంట్లో వాదన. "ఒక్కపూట తిండికి అంత డబ్బా? దాంతో ఇంటికి రెండు నెలల బియ్యం వస్తాయి" అని అమ్మ. "బాబాసాహెబ్ సూటు వేసుకోలేదా? మనం ఎప్పుడూ తక్కువలోనే బతకాలా?" అని పిల్లలు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. మిగతా సగం ధమ్మంలో వెతుక్కుందాం.

ఆ కుర్చీ ఎలా వచ్చింది?

మొదట ఒక సంగతి గుర్తు చేసుకోండి. మీ నాన్న చిన్నప్పుడు చాలా ఊళ్ళల్లో టీ హోటళ్ళ దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. మనవాళ్ళ గ్లాసు వేరుగా, బయట గోడ మీదో చూరులోనో ఉండేది. టీ పైనుంచి పోసేవాళ్ళు. తాగి, ఆ గ్లాసు మనమే కడిగి, ఉన్నచోట పెట్టి రావాలి. బెంచీ మీద కూర్చునే మాటే లేదు. మీ నాన్నను అడగండి, లేదా తాతను అడగండి. చెప్పడానికి ఇష్టపడకపోవచ్చు. చెప్పకపోయినా, జరగలేదనుకోకండి.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నారు. ఆ నీళ్ళు తాగకపోతే బతకలేమని కాదు, మేమూ అందరిలాంటి మనుషులమేనని నిలబెట్టడానికి. తర్వాత రాజ్యాంగం వచ్చింది. 15వ అధికరణం దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్ళలోకి ఎవరినీ కులం పేరుతో, మతం పేరుతో రానివ్వకుండా ఆపకూడదని పేరు పెట్టి మరీ చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది.

కాబట్టి నాన్న ఆ తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చోవడం చిన్న విషయం కాదు. దాని వెనక చాలామంది నడిచిన నడక ఉంది. దీన్ని ఉత్త ఆడంబరం అని తీసిపారేసే పెద్దలు ఈ మాట ఆలోచించాలి.

కానీ పిల్లలూ, మీరూ ఒకటి ఆలోచించాలి. అక్కడ కూర్చోవడం వల్ల మనం గొప్పవాళ్ళం అయిపోయామని అనుకుంటే, నిన్నటిదాకా తక్కువవాళ్ళమని ఒప్పుకున్నట్టే. పుట్టుక వల్ల ఎవరూ నీచులు కారు, చేసే పని వల్లనే అవుతారని తథాగతుడు వసల సుత్తంలో చెప్పాడు. పుట్టుక ఇవ్వలేని గొప్పతనం కుర్చీ ఎలా ఇస్తుంది?

పళ్ళెంలో ఉన్నది ఎవరి తిండి?

మెనూ కార్డు తెరవగానే నోరు తిరగని పేర్లు కనబడతాయి. నాన్న బెదిరిపోతాడు. ఆ పేర్ల వెనక ఏముందో తెలిస్తే బెదురు పోతుంది.

పోలెంతా అని ఉంటుంది. మరిగే నీళ్ళల్లో మొక్కజొన్న పిండి పోసి, గట్టిపడేదాకా గెలికి దించుతారు. అదేంటి? మన సంకటి! ఉత్తర ఇటలీ పేద రైతులు తరాల తరబడి అదే తిని బతికారు. వేరే ఏదీ దొరక్క అదొక్కటే తిన్నవాళ్ళకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. మన దక్కనులో జొన్నకూడే గతైన పేదల్లోనూ ఆ జబ్బు ఉందని హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధకులు 1960ల్లో గుర్తించారు. అక్కడి పేదవాడూ ఇక్కడి పేదవాడూ ఒకే ముద్ద తిన్నారు, ఒకే జబ్బు పడ్డారు. పిజ్జా కూడా నేపుల్స్ వీధుల్లో కూలిజనం నిలబడి, మడిచి, చేత్తో తిన్న రొట్టే.

ఇంకొకటి చెప్పాలి. రోమ్ నగరంలో 'కోడా అల్లా వచ్చినారా' అని ఒక పేరున్న వంట ఉంది. పలికితే మన సీమవాళ్ళ 'వచ్చినారా' లాగే ఉంటుంది. అది పశువు తోకతో వండే కూర. వచ్చినారి అంటే పశువుల్ని కోసి, తోలు ఒలిచే పనివాళ్ళు. మంచి మాంసం నాలుగు పావులూ కలిగినవాళ్ళకు పోగా, మిగిలిన తోక, పేగులు, బోటి వీళ్ళకు కూలిలో భాగంగా దక్కేవి. దానికి అక్కడివాళ్ళు 'ఐదో పావు' అని పేరు పెట్టుకున్నారు. ఇవాళ ఆ ఐదో పావు వంటల కోసం రోమ్‌లో జనం వెతుక్కుంటూ వెళ్తారు. తోలు ఒలిచినవాళ్ళ పేరు ఆ వంటకు అలాగే ఉంది.

మన దగ్గరా తోలు పని చేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు కుట్టిన చెప్పు ఊరంతా తొడుక్కుంది, వాళ్ళు చేసిన తోలు బానతో ఊరి పొలం తడిసింది. కానీ వాళ్ళ వాడను ఊరి బయట పెట్టారు. వాళ్ళు తిన్న తిండిని తిట్టుగా మార్చారు. అక్కడి పేదల్నీ దోచుకున్నారు, కాదనను. కానీ చేసే పనిని పుట్టుకకు కట్టి, ముట్టుకుంటేనే మైల అన్నది ఇక్కడి కులం.

ఇందులో ధమ్మం ఏమిటంటే, తిండిలో పుట్టుకతో ఎక్కువదీ తక్కువదీ లేదు. ఏదైనా కారణాల వల్లే ఏర్పడుతుంది, కారణాలు మారితే మారుతుంది. పటిచ్చ సముప్పాదమంటే ఇదే. సంకటిని చిన్నచూపు చూసిన చూపే, పేరు మారగానే దానికి వందల రూపాయలు కడుతోంది. మారింది సంకటి కాదు, చూపు.

చేత్తో తింటే ఏమైంది?

ఇప్పుడు అసలు పరీక్ష. నాన్నకు ఫోర్కుతో పాస్తా చుట్టడం రాదు. చెయ్యి పెడతాడు. పక్కబల్ల వాళ్ళు చూస్తున్నారేమోనని మీకు చెమటలు పడతాయి. "నాన్నా, చేత్తో తినకు" అని పళ్ళ బిగువున అంటారు. నాన్న చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఆ తర్వాత ఆయన ఏం తిన్నా రుచి ఉండదు.

ఆ చెయ్యే మీకు ఫీజులు కట్టింది. ఒకప్పుడు ఆ చెయ్యి తగిలితే మైల అన్నారు. ఇవాళ అదే చేతిని చూసి మీరు సిగ్గుపడితే, ఊరి హోటల్ వాడు విడిచిపెట్టిన రెండో గ్లాసు మీరు తెచ్చి నాన్న ముందు పెట్టినట్టే. సమ్మావాచ అంటే సభలో మాట్లాడే మాట ఒక్కటే కాదు. అక్కడ, ఆ నిమిషంలో, మీరూ ఫోర్కు పక్కన పెట్టి చేత్తో తినండి. మీ పిల్లలు చూసి నేర్చుకుంటారు.

ఐదో శీలం

పెద్ద రెస్టారెంట్లలో నీళ్ళకంటే ముందే వైన్ కార్డు తెస్తారు. "ఇవాళ ఒక్కరోజేగా, ఒక్క గ్లాసేగా" అని ఎవరో ఒకరు అంటారు. సారా ప్యాకెట్‌కి సిగ్గు, వైన్ గ్లాసుకి గౌరవం అనే తేడా ఐదో శీలంలో లేదు. మత్తు ఏమరుపాటుకు తావు, అంతే. మన ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్న మాట బాబాసాహెబ్ ఊరికే చేర్చలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో మన అమ్మలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. తిరమిసు లాంటి తీపిలో రమ్మో వైనో కలపడం మామూలే, రిసొట్టోలో వైట్ వైన్ పోస్తారు. "ఇందులో మద్యం ఉందా? లేకుండా చేస్తారా?" అని నెమ్మదిగా అడగండి. అలా అడగడం నామోషీ కాదు. శీలం ఉన్నవాడు అడిగే ప్రశ్న అది.

బిల్లు

దీఘజాణు అనే కోలియ గృహస్థుడు బుద్ధుణ్ణి అడిగాడు: భార్యాబిడ్డలతో సంసారంలో ఉండేవాళ్ళం, మాకు పనికొచ్చేది చెప్పమని. అప్పుడు తథాగతుడు సమజీవితం గురించి చెప్పాడు. కొంచెం రాబడి ఉండి గొప్పగా ఖర్చుపెట్టేవాణ్ణి మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు. చెట్టంతా ఊపి రాల్చి, నాలుగు తిని, మిగతావి నేలపాలు చేస్తాడు. బాగా రాబడి ఉండీ పీనాసిగా బతికేవాణ్ణి దిక్కులేని చావు చచ్చేవాడన్నాడు. అంటే రెండూ తప్పే. అనాథపిండికుడికి గృహస్థు సుఖాలు నాలుగు చెప్పినప్పుడు, అప్పు లేకపోవడాన్ని ఒక సుఖంగా లెక్కపెట్టాడు.

కాబట్టి లెక్క సులువు. చేతిలో డబ్బు ఉంటే, ఇంట్లో ఎవరి ఫీజూ ఎవరి మందులూ ఆగకపోతే, సంతోషంగా వెళ్ళండి. క్రెడిట్ కార్డు గీకి, తర్వాత కనీస మొత్తం కట్టుకుంటూ పోదామంటే మాత్రం ఆగండి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 శాతం పైనే. ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి తాత ఎలా చితికిపోయాడో ఇంట్లో కథలు ఉండే ఉంటాయి. అప్పు చేసి జరిపే షష్టిపూర్తికీ, అప్పు చేసి కోసే కేకుకీ తేడా లేదు. పురోహితుడు పోయిన చోటికి దుకాణదారుడు వచ్చి కూర్చున్నాడంతే.

వడ్డించేవాళ్ళు

ఆమ్రపాలి వైశాలిలో బుద్ధుణ్ణి భోజనానికి పిలిచింది. ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత లిచ్ఛవి దొరలు వచ్చి, ఆ భోజనం తమకు వదిలేస్తే లక్ష ఇస్తామని ఆమెతో బేరమాడారు. ఆమె ఇవ్వనంది. వాళ్ళు బుద్ధుడి దగ్గరికే పోయారు. ముందు ఆమెకు మాటిచ్చానన్నాడు. ఆయనకు ముఖ్యమైంది పిలిచిన మనసు, పిలిచినవాళ్ళ హోదా కాదు.

కమ్మరి చుందుడి ఇంట్లో చేసిన భోజనం తర్వాతే తథాగతుడికి జబ్బు ముదిరింది. అంత బాధలోనూ ఆనందుణ్ణి పిలిచి, చుందుడు తనవల్లే ఇలా జరిగిందని కుమిలిపోకుండా చూడమన్నాడు. ఆ అన్నం పెట్టిన పుణ్యం గొప్పదని చెప్పించాడు.

ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే, పాస్తా చల్లారిందని వెయిటర్ మీద అరవలేం. చిటిక వేసి పిలవలేం. పళ్ళాలు తీసే కుర్రాడు, లోపల గిన్నెలు తోమే అక్క, బాత్రూమ్ కడిగే మనిషి — వాళ్ళలో ఎంతమంది మన వాడల నుంచి వచ్చారో ఎవరు చూశారు? "తమ్ముడూ", "అక్కా" అని పిలవండి. టిప్పు ఇస్తే వాళ్ళ చేతికే ఇవ్వండి. మనం కుర్చీ ఎక్కాక, నిలబడి ఉన్నవాణ్ణి ఎలా చూస్తున్నామన్నదే మన సమత.

ఆ రోజు ఇలా చేయండి

పొద్దున్నే ఇంటిల్లిపాదీ బుద్ధుడి ముందు, బాబాసాహెబ్ ముందు కూర్చుని త్రిశరణ పంచశీలాలు చెప్పుకోండి. బిల్లుకు అనుకున్న డబ్బులో కొంత ముందే పక్కన తీసి, హాస్టల్లో చదివే ఒక బిడ్డ పుస్తకాలకు నాన్న చేత్తో ఇప్పించండి. రెస్టారెంట్లో కాసేపు ఫోన్లు సంచీలో పెట్టి, నాన్నను ఒక్క మాట అడగండి: "నువ్వు మొదటిసారి హోటల్లో లోపల కూర్చుని తిన్నది ఎప్పుడు?" ఆయన చెప్పేది పిల్లలు వినాలి.

"నిండు నూరేళ్ళు బతకాలి" అని అందరూ అంటారు. ఒకసారి బుద్ధుడు తుమ్మితే భిక్షువులు "చిరంజీవ" అన్నారట. అలా అన్నంత మాత్రాన ఆయుష్షు పెరుగుతుందా అని అడిగాడాయన. అయినా గృహస్థులు ప్రేమతో ఆ మాట అంటే బదులు చెప్పొచ్చని తర్వాత ఒప్పుకున్నాడు. కేకు, కొవ్వొత్తి కూడా అలాంటివే. ప్రేమ ఉంటే ఉండనివ్వండి, నమ్మకం మాత్రం పెట్టుకోకండి.

తల్లినో భుజం మీద, తండ్రినో భుజం మీద పెట్టుకుని నూరేళ్ళు మోసినా రుణం తీరదని తథాగతుడు చెప్పాడు. తీరే దారి కూడా ఆయనే చెప్పాడు: వాళ్ళను శ్రద్ధలో, శీలంలో, త్యాగంలో, ప్రజ్ఞలో నిలబెట్టడం. ఒక పూట భోజనం ఆ పని మొత్తం చేయలేదు. కానీ ఆ పూట నాన్న ఎవరికీ జంకకుండా, తన చేత్తో, తన పిల్లల మధ్య కడుపునిండా తిని లేస్తే, ఆ పని మొదలైనట్టే.

నమో బుద్ధాయ! జై భీమ్!