అసర్‌కీ మగ్రిబ్‌కీ నడుమ

మా చీరాలలో డిసెంబరు నెలలో 5.40 అయ్యేసరికి పొద్దు గుంకిపోతుంది. బడి వదిలేది నాలుగింటికి. పిల్లలు ఇంటికొచ్చి, సంచీ పడేసి, కాళ్లూ చేతులూ కడుక్కుని, ఏదో ఇంత తిని వీధిలోకి వెళ్లేసరికి మిగిలేది గంట. అసర్ నమాజుకీ మగ్రిబ్ నమాజుకీ నడుమ ఉండే గంట అది. ఎన్నో ఊళ్లలో మక్తబ్, అంటే ఖురాన్ బడి, నడిచేది కూడా ఆ గంటలోనే.

మేం నూర్‌బాషాలం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అరబ్బీ అక్షరాలతో మా పిల్లలకు తొలి పరిచయం నూరానీ ఖాయిదా దగ్గర. నా కొడుక్కి ఎనిమిదేళ్లు, ఖాయిదా దాటి ఖురాన్ చివరి భాగమైన అమ్మపారాలోకి వచ్చాడు. పదకొండేళ్ల కూతురు నాజిరా, అంటే ఖురాన్ చూసి చదవడం, చదువుతోంది. ఫజర్ తర్వాత రెహల్ ముందు కూర్చుని వాళ్లిద్దరూ గొంతెత్తి చదువుతుంటే, పొయ్యి దగ్గర నిలబడి వినడం నాకు రోజు మొత్తంలో ఇష్టమైన వేళ. చదువుతో నాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా ఆ సాయంత్రం గంట గురించే.

మా వీధిలో ఏ ఇంట్లో చూసినా వినపడే మాట ఒకటుంది: "సబక్ అప్పజెప్తేనే ఆట." సబక్ అంటే ఆ రోజు పాఠం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ మాట పిల్లవాడికి ఏం నేర్పుతోంది? ఖురాన్ పాఠం కట్టాల్సిన సుంకమనీ, అది కట్టాక దొరికే సరుకు ఆట అనీ. తప్పు చదివిన రోజు ఆట బంద్ చేస్తే ఆ లెక్క ఇంకా గట్టిపడుతుంది. తన బ్యాటుకీ తనకీ నడుమ అల్లా వాక్యం అడ్డుగా నిలబడిందని ఎనిమిదేళ్ల పసివాడికి అనిపించడం కంటే నాకు భయం కలిగించేది లేదు. అందుకే మా ఇంట్లో ఆటని బహుమతిగా ఇవ్వం, శిక్షగా తీసేయం. ఆకలేసినప్పుడు అన్నం పెట్టడానికి పిల్లల దగ్గర పాఠం అప్పజెప్పించుకోం కదా.

మామయ్యగారు దీనికి ఒప్పుకోలేదు. ఆయన చదువుకున్న మనిషి, ఊరికే అనరు. "ఈ లోకమే ఆట, వినోదం అని అల్లా చెప్పాడమ్మా. మళ్లీ ఆటకి హక్కేమిటి?" అన్నారు. సూరా హదీద్ 20వ ఆయత్ ఆయన ఉద్దేశం. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు కూర్చోబెట్టింది. తెలుగు అనువాదం ముందేసుకుని ఆ ఆయత్ మొత్తం మళ్లీ మళ్లీ చదివాను. అది ఆట దగ్గర ఆగిపోదు. వినోదం, సింగారం, ఒకరి ముందు ఒకరు గొప్పలు చెప్పుకోవడం, సంపదలోనూ సంతానంలోనూ పోటీ పడటం, అన్నింటినీ ఒకే వరసలో పెడుతుంది. చివర చెప్పిన రెండూ పసిపిల్లలు చేసే పనులు కావు. నిఖా భోజనాల దగ్గర మనం మాట్లాడుకునేదేమిటి? మావాడు తొమ్మిదేళ్లకే ఇన్ని పారాలు హిఫ్జ్ (కంఠస్థం) చేశాడు, మీవాడింకా నాజిరాలోనే ఉన్నాడా అని. ఆ ఆయత్ హెచ్చరించే ఆట ఇదే అని నేను నమ్ముతున్నాను. గోళీలు ఆడే పిల్లవాడికి ఆట ఆటేనని తెలుసు. బిడ్డ నోట ఖురాన్ పలికించి పదిమందిలో గెలుద్దామనుకునే తల్లిదండ్రులకే తెలియదు.

సూరా యూసుఫ్‌లో ఇంకో చోటుంది. యూసుఫ్ అన్నలు వచ్చి తండ్రి యాకూబ్ ప్రవక్తను అడుగుతారు: రేపు తమ్ముణ్ణి మాతో పంపు, కడుపారా తింటాడు, ఆడుకుంటాడు అని. వాళ్ల మనసులో ఉన్నది వేరు, అది మనకు తెలుసు. కానీ యాకూబ్ ఏమన్నారో చూడండి. ఆటలేమిటి, నా కొడుకు ప్రవక్త వంశంవాడు అనలేదు. వాణ్ణి చూడకుండా ఉండటం నాకు దుఃఖం, మీరు ఏమరుపాటుగా ఉంటే తోడేలు తినేస్తుందేమోనని భయం అన్నారు. ఆయన బెంగ బిడ్డ క్షేమం గురించే. ఆటకు తీసుకెళ్తామని ఒక ప్రవక్తను ఒప్పించబోయారంటే, ఆ ఇంట్లో పిల్లవాడు ఆడుకోవడం మామూలు విషయమే అయి ఉండాలి. మా వీధిలో తోడేళ్లు లేవు, ఆటోలున్నాయి, ఇసుక ట్రాక్టర్లున్నాయి. పెద్దవాళ్లు తలుచుకోవాల్సిన భయం అది.

1111లో కన్నుమూసిన ఇమామ్ గజాలీ, తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో పిల్లల పెంపకం గురించి రాస్తూ ఈ సంగతి సూటిగా చెప్పారు. మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాణ్ణి మంచి ఆట ఆడుకోనివ్వాలంటారు. ఎప్పుడూ చదువే మోపి ఆట మాన్పిస్తే వాడి మనసు చచ్చిపోతుందనీ, తెలివి మొద్దుబారుతుందనీ, బతుకు చేదై చివరికి చదువునే తప్పించుకునే ఎత్తులు వెతుక్కుంటాడనీ హెచ్చరించారు. మక్తబ్ వేళకే కడుపునొప్పి వచ్చే పిల్లల్ని చూసిన ఏ తల్లికైనా ఈ మాట అర్థమవుతుంది.

అయినా గజాలీ లెక్కలో ఆట చదువుకు సేవ చేస్తుంది. అలసట తీరితే మళ్లీ చదువుతాడని. నాకు అంతకంటే పెద్ద ఆసరా ఒక హదీసులో దొరికింది. షద్దాద్ (ర) చెప్పగా నసాయీ గ్రంథంలో నమోదైనది. ప్రవక్త (స) మనవణ్ణి ఎత్తుకుని నమాజుకు వచ్చారు. బిడ్డను దింపి నమాజు మొదలుపెట్టారు. ఒక సజ్దా ఎంతకీ ముగియలేదు. షద్దాద్ తల ఎత్తి చూస్తే పసివాడు తాతగారి వీపు మీద ఎక్కి ఉన్నాడు. నమాజు అయ్యాక జనం అడిగారు: ఏమైనా జరిగిందా, వహీ (దైవవాణి) దిగిందా అని. అదేమీ కాదు, నా బిడ్డ నా మీద ఎక్కాడు, వాడి ముచ్చట తీరకముందే తొందరపెట్టడం ఇష్టం లేకపోయింది అని ఆయన చెప్పిన భావం. ఇక్కడ ఆట ఏ చదువుకూ పనికిరావడం లేదు. నమాజే ఆట కోసం ఆగింది. వెనక బారులు తీరిన పెద్దవాళ్లంతా నుదురు నేలకానించి ఒక పసివాడి ఆట ముగిసేదాకా కాచుకున్నారు. ఇది చదివాక మామయ్యగారితో వాదించే అవసరం రాలేదు. చదివి వినిపించాను, ఆయన కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత మేం నలుగురైదుగురు తల్లులం కలిసి మక్తబ్‌లో పాఠం చెప్పే హజ్రత్‌గారి దగ్గరికి వెళ్లాం. పాఠం మగ్రిబ్ తర్వాతకు మార్చమని అడిగాం. "నాకేం అభ్యంతరం లేదమ్మా, ఆ వేళకు మీ పిల్లలు ట్యూషన్లో ఉంటారు కదా" అన్నారాయన. నిజమే. ఇంట్లో వేళ చాలకపోతే మనం కోసేది మక్తబ్‌నో, ఆటనో. ట్యూషన్ జోలికి ఎవరూ పోరు. ధర్మానికీ ఆటకీ తగువు పెట్టి మనం చూస్తూ కూర్చున్నాం గానీ, పిల్లల పొద్దు తినేసింది ఆ రెండూ కాదు. ట్యూషన్ మానిపించగలిగిన వాళ్లం మానిపించాం. ఇప్పుడు మావాడికి లెక్కలు ఇషా తర్వాత నేనే చెబుతున్నాను.

పాప సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. "పదకొండేళ్లొచ్చాయి, ఇంకా వీధిలో తొక్కుడుబిళ్లేమిటి?" అంటుంది అత్తయ్య. మగపిల్లాడికి పదిహేనేళ్లొచ్చినా ఎవరూ ఈ మాట అనరు. నేను ప్రవక్త (స) భార్య ఆయిషా (ర) గుర్రం గురించి చెప్పాను. ఆమె బొమ్మల మధ్య గుడ్డతో చేసిన రెక్కల గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలా అని ప్రవక్త (స) అడిగితే, సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అంది. ఆయన మనసారా నవ్వారు. ఎక్కడో విన్న ప్రవక్త కథ ఆ పిల్ల ఆటలోకి నడిచి వచ్చింది. మావాడు కూడా మొన్న వానకు కాలవలో కాగితప్పడవ వదిలి, చీమల్ని జతలుజతలుగా ఎక్కించి నూహ్ (అ) ఓడ అన్నాడు. ఆ పాఠం వాడికి ఎవరూ అప్పజెప్పించలేదు.

అత్తయ్య అంతా విని, డాబా మీదైతే సరేనంది. డాబా మీద తొక్కుడుబిళ్లకు గళ్లు గీయొచ్చు గానీ ఏడుపెంకులాటకు చోటు చాలదు, పైగా పాప స్నేహితురాళ్లలో ఇద్దరికి మెట్లెక్కి పైకి రావడానికి వాళ్ల ఇళ్లలో ఒప్పుకోరు. వేసవి సెలవుల్లో పొద్దు ఆరున్నర దాకా ఉంటుంది. అప్పుడు వీధి సంగతి మళ్లీ అడుగుతాను.