తెలిసిన దానిని లేదనుట

తెలియకపోవుట అజ్ఞానము. తెలిసియు లేదనుట అపలాపము. మొదటిది బోధ వలన తొలగును. రెండవది బోధ వలన తొలగదు. ఏలయన అక్కడ కొరవడినది తెలివి కాదు, ఒప్పుకొను ధైర్యము. కనుకనే పెద్దలు అజ్ఞానిపై జాలి చూపిరి గాని అపలాపిని క్షమింపలేదు. భూమి వేడెక్కుచున్నదనియు, అందుకు మానవుని చేతలే ప్రధాన కారణమనియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్న ఈ కాలమున ఈ భేదమును నిదానముగా విచారింపవలసియున్నది. ఆ మాటను లోకము స్వీకరించు తీరులో అజ్ఞానమెంత, అపలాపమెంత? మెట్ట దున్నుకొని బ్రతుకు పల్లెవానికి ఇందులో పాలెంత?

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతములోని సిర్గాపూర్ ఈ విచారమునకు తగిన చోటు. తెలుగు, కన్నడము, మరాఠీ మూడును చెవిని పడు సరిహద్దు సీమ ఇది. మంజీర నదికి నీరందించు నేల. నల్లవాగు ప్రాజెక్టు క్రింద కొంత తరి ఉన్నను, ఈ ప్రాంతమున ఎక్కువ భాగము వానకై ఎదురుచూచు మెట్టయే. కంది, పెసర, మినుము, జొన్న, పత్తి, సోయా ఇక్కడి పంటలు. పని దొరకని నెలలలో చెరకు కొట్టుటకు దూరప్రాంతములకు వలసపోవు కుటుంబములు ఈ చుట్టుపట్ల తండాలలో అనేకము. ఇట్టి చోట వాన రాకపోకలు ఊసుపోక చెప్పుకొను కబుర్లు కావు. కంచములోని అన్నమునకు సంబంధించిన సంగతి.

వాన తీరు మారినదని ఇక్కడివారికి ఎవ్వరును నేర్పనక్కరలేదు. మృగశిర కార్తెను నమ్మి విత్తిన రైతు, ఆ పిమ్మట వారముల తరబడి మబ్బువైపు మొగమెత్తి చూచుట ఎరుగును. కోతకు వచ్చిన పెసరమీద ముసురు పట్టి గింజ చేనిలోనే మొలకెత్తుట ఎరుగును. 2015 వేసవిలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి రెండువేలమందికి పైగా మరణించిరని ప్రభుత్వములే లెక్క చెప్పినవి. అదే సంవత్సరమున వానలు తప్పగా సింగూరు జలాశయము అడుగంటెను. 2016 సెప్టెంబరులో అదే మంజీర పొంగి సింగూరును, నిజాంసాగరును నింపెను. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కనాటిలో 64.98 సెంటీమీటర్ల వాన కురిసెను. 2025 ఆగస్టు చివర పొరుగుననే యున్న కామారెడ్డి జిల్లాలోని అర్గొండలో 40 సెంటీమీటర్లకు మించి కురిసి చెరువు కట్టలను, రోడ్లను, పైరులను తుడిచిపెట్టెను.

ఇన్ని చూచిన పిదపయు రచ్చబండమీద వినవచ్చు మాటలు మూడు విధములు. "కరువులు, వరదలు పూర్వము లేవా? మన తాతలు చూడలేదా?" అనునది మొదటిది. "ఇది కలికాలము, ధర్మము తప్పినది కనుక వాన తప్పినది" అనునది రెండవది. "నిజమే కావచ్చును, కాని మన చేతిలో ఏమున్నది?" అనునది మూడవది. స్టాన్లీ కోహెన్ అను సమాజశాస్త్రజ్ఞుడు 2001లో ప్రకటించిన తన గ్రంథమున అపలాపమును మూడు తెగలుగా విభజించెను. జరిగినదానిని జరుగలేదనుట ఒకటి. జరిగినదని ఒప్పుకొని దానికి వేరొక అర్థము చెప్పుట రెండవది. అర్థమును గూడ ఒప్పుకొని, దాని వలన తనపై బడు కర్తవ్యమును మాత్రము తప్పించుకొనుట మూడవది. రచ్చబండ మాటలు మూడును ఈ మూడు తెగలకు సరిగా ఒదుగుచున్నవి.

మొదటి మాటలో నిజము లేకపోలేదు. దక్కనులో దుర్గాదేవి కరువు పండ్రెండేండ్లు సాగినదని చరిత్ర చెప్పుచున్నది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచినది. ప్రకృతి ఎన్నడును ఒక్క తీరుగా లేదు. అయితే పూర్వము జ్వరము వచ్చినదని చెప్పి నేటి జ్వరమునకు కారణము వెదకకుండు వైద్యుడు వైద్యుడగునా? కారణము వెదకినవారు నిన్న మొన్నటివారు కారు. కొన్ని వాయువులు వేడిమిని పట్టి నిలుపునని 1859లో జాన్ టిండాల్ ప్రయోగపూర్వకముగా చూపెను. గాలిలో బొగ్గుపులుసు వాయువు హెచ్చినచో భూమి ఎంత వేడెక్కునో 1896లో స్వాంటె అరీనియస్ లెక్క కట్టెను. 1958లో ఛార్లెస్ కీలింగ్ హవాయి ద్వీపమున ఆ వాయువును కొలువ మొదలిడినప్పుడు అది గాలిలో పదిలక్షల పాళ్ళకు 315 పాళ్ళుండెను. యంత్రయుగమునకు ముందు సుమారు 280 పాళ్ళుండిన ఆ వాయువు 2024 నాటికి 420 పాళ్ళను దాటెను.

సూర్యుని వేడిమియే హెచ్చినదేమో అని సందేహించువారికిని సమాధానము కలదు. సూర్యుడే కారణమైనచో వాతావరణపు పై పొరలు గూడ వేడెక్కవలెను. కాని క్రింది పొర వేడెక్కుచుండగా పై పొర చల్లబడుచున్నట్లు కొలతలు తెలుపుచున్నవి. కప్పిన దుప్పటి క్రింద ఒడలు వెచ్చబడి, దుప్పటి పైభాగము చల్లగానుండుట వంటిది ఇది. ఇక వాన సంగతి. ఒక డిగ్రీ వేడిమి హెచ్చినచో గాలి సుమారు నూటికి ఏడు పాళ్ళు అధికముగా తేమను మోయగలదు. కనుక మబ్బు చాలకాలము బిగబట్టుకొని ఒక్కసారిగా కుమ్మరించుట పెరుగును. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారము 1950 నుండి 2015 వరకు మధ్యభారతమున విస్తారమైన కుంభవృష్టులు మూడు రెట్లైనవి. ఒకవైపు ఎండగట్టుట, మరొకవైపు ముంచెత్తుట అను రెండును ఒకే రోగపు లక్షణములని దీనివలన తెలియుచున్నది.

అయినను సిర్గాపూర్ రైతు మొదటి మాట పలికినప్పుడు దానిని అపలాపమనుట న్యాయము కాదు. ఈ లెక్కలు అతని చెంతకు చేరనే లేదు. 2022లో వెలువడిన యేల్ విశ్వవిద్యాలయపు సర్వేలో భూతాపమనగా ఏమో విడమరచి చెప్పిన మీదట భారతీయులలో నూటికి 84 మంది అది జరుగుచున్నదని ఒప్పుకొనిరి; మానవుని చేతలే ముఖ్య కారణమనినవారు 57 మంది. చెప్పినచో వినువారి కొదవ ఈ దేశమున లేదని దీని భావము. నిజమైన అపలాపము వేరొకచోట నున్నది. ఎక్సాన్ అను అమెరికా చమురు సంస్థకు దాని శాస్త్రజ్ఞులే 1977లో ఈ ముప్పును విన్నవించిరి. ఆ సంస్థ వేసికొన్న లెక్కలు పిమ్మటి కొలతలతో చాలవరకు సరిపోయినవని 2023లో పరిశోధకులు నిరూపించిరి. అంత తెలిసియు చమురు, బొగ్గు వర్తకులు 1989లో ఒక కూటమిగా ఏర్పడి, 2002 వరకు ప్రజలలో సందేహమును విత్తిరి. 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి వేదికమీదనే అమెరికా అధ్యక్షుడు వాతావరణ మార్పు అనునది పెద్ద మోసమని పలికెను. తెలియనివాని నోట వచ్చిన "పూర్వము లేవా?" అను ప్రశ్నయు, తెలిసినవాని నోట వచ్చిన అదే ప్రశ్నయు ధర్మశాస్త్రమున ఒక్కటి కావు.

రెండవ మాట కలికాలమను మాట. ఇది భక్తివలె కనిపించును గనుక దీనిని మరింత జాగ్రత్తగా పరిశీలింపవలెను. ధర్మము తప్పినదనుటలో సగము సత్యము కలదు. దురాశయే ఈ వేడిమికి మూలము. అయితే ఎవ్వరి ధర్మము? ఎవ్వరి దురాశ? ఆ ప్రశ్న అడుగకయే "జనులు పాపము చేసిరి, వాన తప్పినది" అన్నచో, పాపము చేసినవాడొకడు, శిక్ష ననుభవించువాడు మరొకడు అగుచున్నాడు. ఎండలో పత్తి ఏరుచు సొమ్మసిల్లిన కూలి స్త్రీ చేసిన పాపమేమి? అమెరికాలో తలకు ఏటా సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుచుండగా, భారతదేశమున తలకు సుమారు 2 టన్నులు. తండాలో విమానమెక్కనివాని, శీతలయంత్రము లేనివాని పాలు అందులోను స్వల్పము. కారణమును కాలమునకు అంటగట్టుట వలన దోషి తప్పించుకొనును, నిర్దోషి నేరము మోయును. దైవము పేర చెప్పినంత మాత్రమున అన్యాయము న్యాయము కాజాలదు.

మూడవ మాట అన్నింటికంటె మర్యాదైనది, అన్నింటికంటె ప్రమాదకరమైనది. నార్వే దేశములో ఒక చిన్న ఊరిని 2000–2001 చలికాలమున పరిశీలించిన కారీ నార్గార్డ్ అను పరిశోధకురాలు, మంచు ఆలస్యముగా పడుటను అందరును గుర్తించిరనియు, కారణమును గూడ ఎరిగియుండిరనియు, కాని దానిని గూర్చి సభలలో గాని ఇరుగుపొరుగు మాటలలో గాని ఎత్తకుండిరనియు వ్రాసెను. అది చమురు సంపదతో సుఖించు దేశము. అక్కడ మౌనమునకు ఒక లాభము కలదు. సిర్గాపూర్‌లో ఆ లాభమైనను లేదు. ఇక్కడి మౌనము సుఖము వలన వచ్చినది కాదు, నిస్సహాయత వలన వచ్చినది. అందుచేత దోషము తక్కువ. నష్టము మాత్రము ఎక్కువ.

ఇచ్చట మరియొక పొరపాటును గూడ చెప్పుకొనవలెను. వాతావరణ మార్పును కాదనుట ఒక దోషమైనచో, ప్రతి కీడును దానిమీదకే నెట్టుట దానికి కవలపిల్ల వంటి దోషము. వాన తక్కువైన ఏట బావులు ఎండినవనుట నిజము. కాని ఒకరి బోరు ప్రక్కన మరొకరు లోతుగా బోరు వేసి భూగర్భజలమును పోటీపడి తోడుట వాతావరణము చేసిన పని కాదు. కుండపోతకు కట్ట తెగినదనుట నిజము. కాని తూము పూడి, అలుగు మూసుకొనిపోయి, కట్టమీద చెట్లు వేరు బారుచున్నను చూడకుండుట మబ్బు చేసిన తప్పు కాదు. వరద కాలువలో గోడలు కట్టినవాడును, వాటిని చూచి చూడనట్లు పోయిన అధికారియు "వాతావరణము మారినది గదా" యని తప్పించుకొనినచో, ఆ మాట కొత్తరకపు కలికాలమై కూర్చుండును. దూరమున నున్న దోషిని దాచుట ఎట్లు అసత్యమో, దగ్గర నున్న దోషిని దాచుటయు అట్లే అసత్యము. కారణమును అది ఉన్నచోటనే, ఉన్నంత మేరకే చూపుట సత్యము.

సిర్గాపూర్ నుండి సరిహద్దు దాటి కొంతదూరము పోయినచో బీదరు జిల్లాలో కల్యాణము కలదు. పండ్రెండవ శతాబ్దమున అక్కడ బసవేశ్వరుడును శరణులును బోధించిన దానిలో ఈ ప్రశ్నకు పనికివచ్చు మాట ఒకటున్నది. నుడికిని నడకకును ఎడము ఉండరాదు. ఎరుక నోటితో ముగియక చేతిలోనికి రావలెను. దానినే వారు కాయకమనిరి. ఫలమును తానొక్కడే మింగక సమాజమునకు అర్పించుటను దాసోహమనిరి. ఈ కొలతతో చూచినచో, అంతయు తెలిసినదని తల ఊపి ఏమియు చేయనివాడు, లేదని వాదించువానికి ఎంతో దూరమున లేడు.

చేతిలోనికి రాదగిన పని ఏది? ఇదే జిల్లాలో జహీరాబాదు చెంతనున్న పస్తాపూర్ కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములు దశాబ్దములుగా జొన్న, కొర్ర, సామ, కంది మొదలగువానిని కలిపి ఒకే చేనిలో విత్తుచున్నవి. పాతపంటల విత్తనమును ఇంటింట దాచుచున్నవి. 2008 నుండి తమ సొంత రేడియోలో తమ మాట తామే చెప్పుకొనుచున్నవి. ఆ సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించెను. ఒక పైరు పోయినను మరొకటి నిలుచుట ఈ పద్ధతిలోని కిటుకు. ఇందువలన భూమి చల్లబడునని ఎవ్వరును భ్రమపడనక్కరలేదు. భూమి చల్లబడుటకు పొగ వదలు దేశములు, సంస్థలు తమ పని చేయవలెను. చేయుమని అడుగు హక్కు మెట్ట రైతునకు సంపూర్ణముగా కలదు. అయితే ఆ హక్కును గట్టిగా వాడుకొనవలెనన్నచో ముందుగా అతడు కారణము నెరిగియుండవలెను. విధి అనుకొన్నవాడు ఎవ్వరిని అడుగును?

ఇందు మఠములకును పెద్దరికము కలదు. జాతరలో, పురాణ ప్రవచనములో స్వాములు పలికిన మాటకు పత్రికలోని వార్తకంటె పల్లెలో బరువెక్కువ. ఆ వేదిక మీద "మీ పాపము వలన వాన తప్పినది" యని చెప్పుట సులభము. వినువారు తలవంచి ఇంటికి పోవుదురు. వాన ఎందుకు తప్పినదో, అందులో ఎవ్వరి పాలెంతో, ఊరి చెరువు అలుగు ఎందుకు మూసుకొన్నదో చెప్పుట కష్టము. వినువారిలో కొందరు నొచ్చుకొందురు. మఠపు పొలమున బోరు ఎంత లోతున్నదని ఎవడైనను ఎదురు ప్రశ్న వేయవచ్చును గూడ. అట్టి ప్రశ్నకు నిలువగలుగుటయే నుడికి నడక తోడగుట.

ప్రతి ఇంటిలోను చదువుకొను పిల్లలున్నారు. బడిలో పాఠ్యపుస్తకము చెప్పినదానిని వారు ఇంటికి వచ్చి అడుగుదురు: వాన ఎందుకు ఇట్లయినది? కలికాలమనినచో బాలుడు ఊరకుండును, కాని తన పుస్తకమునో తన పెద్దలనో ఒకదానిని నమ్ముట మానును. కారణము చెప్పి, అది ఎవ్వరి వలన ఎంత కలిగినదో చెప్పి, ఇంటివారు చేయదగినదేదో చెప్పినచో, వాడు మరియొక ప్రశ్న వేయును. ఆ రెండవ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పు పెద్దలున్న ఊరిలో అపలాపము చాలకాలము నిలువజాలదు.