వీక్‌నెస్ అడిగితే ఏం చెబుతాం?

పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ఇంటర్వ్యూకి బయల్దేరిన పిల్లలు రుద్రారం గణేశ్‌గడ్డ గుడి దగ్గర ఓ దండం పెట్టుకుంటారు. లోపల ఎదురయ్యే ఈ ఒక్క ప్రశ్నను మాత్రం విఘ్నేశ్వరుడు కూడా తప్పించలేడేమో: "నీ వీక్‌నెస్ ఏంటి?"

"ఎక్కువ కష్టపడతాను సార్" అంటారు చాలామంది. అడిగేవాళ్లకు అది విని విని విసుగు. అసలు ఏ లోపమూ లేదన్నవాణ్ని మిషన్ దగ్గర నిలబెట్టాలంటే నాకైతే భయమే.

లోపం ఒప్పుకోవడం చిన్నతనమేం కాదు. లండన్‌లో బారిస్టరు చదివొచ్చిన గాంధీజీ, బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసుకు లేచి నిలబడ్డారు. నోరు పెగల్లేదు. 30 రూపాయల ఫీజు తిరిగిచ్చేశారు. ఆ సంగతిని ఆత్మకథలో దాచలేదు. పైగా తన బిడియమే మాటను పొదుపుగా వాడటం నేర్పిందని రాసుకున్నారు.

నిజమైన లోపం ఒకటి, దాన్ని దిద్దుకోవడానికి చేస్తున్న పని ఒకటి చెప్పండి. "డ్రాయింగ్ చదవడంలో నిదానం సార్, రోజూ సాధన చేస్తున్నా" అంటే చాలు. అలాగని క్వాలిటీ చెకింగ్ ఉద్యోగానికెళ్లి, చిన్న తప్పులు నా కంటికి ఆనవు అనకండి!

ఇవాళ ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు ఆ రెండు ముక్కలూ ఇంట్లోనే ఓసారి పైకి చెప్పుకుని వెళ్లండి.