విస్సహికన్ లోయ సైకిలు బాట

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం తన తాగునీటిని కాపాడుకొనేందుకు, 1868 నాటి చట్టం ఇచ్చిన అధికారంతో భూములు సేకరించగా ఏర్పడిన ఉద్యానమే విస్సహికన్ లోయ. అక్కడ వాగు వెంట సాగే వెడల్పాటి కంకర దారిలో 1920లలో మోటారు వాహనాలను నిషేధించినందువల్ల దానికి ‘ఫర్‌బిడెన్ డ్రైవ్’, అంటే నిషిద్ధ మార్గం, అనే పేరు స్థిరపడింది. అయితే లోయ అసలు అందం ఆ దారికి పైన, చెట్ల నడుమ మెలికలు తిరుగుతూ ఒక్క సైకిలుకు మాత్రమే చోటిచ్చే ‘సింగిల్ ట్రాక్’ బాటల్లోనే ఉంది.

ఆ బాటల్లో చక్రానికి తగిలేది షిస్టు, అంటే ఒకనాడు బురదగా పేరుకొన్న మట్టి భూగర్భపు వేడికీ ఒత్తిడికీ పొరలుపొరలుగా మారిన శిల. గూడూరు గనుల వల్ల తెలుగువారికి చిరపరిచితమైన అభ్రకమే ఆ శిలలో రేకులుగా నిండి, ఉదయపు ఎండలో దారి పొడవునా మెరుస్తుంది. ఎంత చూసినా తనివితీరని మెరుపు అది. దిగుడులో సైకిలిస్టు పెడళ్లపై లేచి, మోకాళ్లు వంచి, బరువును వెనక్కు జరుపుతాడు.

కొండబాటను నిర్మించేటప్పుడు దాని ఉపరితలాన్ని లోయ వైపుకు కొద్దిగా వాల్చుతారు. అందువల్ల వాననీరు బాట వెంట పారక, అడ్డంగా జారి ఆకుల కింద ఇంకుతుంది. నేల తడిగా ఉండగా తొక్కితే చక్రం గాడి పెడుతుంది, గాడి కాలువవుతుంది, ఆ కాలువ మట్టిని వాగులోకీ, అక్కడి నుంచి నగరం నీరు తోడుకొనే స్కూల్‌కిల్ నదిలోకీ మోస్తుంది. కనుకనే ఆ బాటను నిజంగా ప్రేమించే సైకిలిస్టు, వాన వెలిసినా, నేల ఆరేదాకా ఆగుతాడు.