అరసికొనుట: వృద్ధుల సేవలో నాణ్యతా ప్రమాణాలపై ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి విడివడి ఏర్పడింది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి దాని రెవెన్యూ డివిజన్లు. పరిపాలనా సౌలభ్యం కోసం జరిగిన ఈ విభజనకు ఒక నైతిక పర్యవసానం కూడా ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం ప్రతి సబ్ డివిజనుకూ ఒక ట్రిబ్యునలు ఉండాలి; సబ్ డివిజను అధికారి స్థాయికి తగ్గని అధికారి దానికి అధ్యక్షత వహించాలి. కనుక ఎల్లారెడ్డి పరిసర పల్లెలోని ఒక ముసలితల్లి తన గోడు చెప్పుకోవడానికి జిల్లా కేంద్రానికి పోనక్కరలేదు. ఎల్లారెడ్డి దాకా వస్తే చాలు.

అక్కడ ఆమెను అడగవలసిన ప్రశ్నలను చట్టమే సూచించింది. అన్నం పెడుతున్నారా? కట్టుకోవడానికి బట్ట ఇస్తున్నారా? ఉండడానికి చోటున్నదా? మందులు ఇప్పిస్తున్నారా? నాలుగింటికీ ‘అవును’ అన్న జవాబే వచ్చిందనుకుందాం. అయినా ఆమె కన్నీళ్లు ఆగలేదనుకుందాం. అప్పుడు ఆమె ఫిర్యాదుకు విలువ ఉన్నదా, లేదా? వృద్ధుల సేవకు నాణ్యతా ప్రమాణాలను ఏర్పరచాలన్న ఆలోచన ఎదుర్కొనవలసిన మూల ప్రశ్న ఇదే. సేవను కొలవవచ్చునా? కొలిస్తే అది సేవగా మిగులుతుందా? ఈ ప్రశ్నను వాడుక భాష, చట్టం, భారత కథ అనే మూడు ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాడుక మాటలలోని వివేకం

వృద్ధుల సంరక్షణను చెప్పడానికి తెలంగాణ వాడుకలో ప్రధానంగా మూడు క్రియలున్నాయి. మొదటిది ‘సాదుట’. పసిబిడ్డను సాదుతారు, పశువును సాదుతారు, ముసలివారినీ సాదుతారు. తిండి, నీడ సమకూర్చి ప్రాణం నిలపడం దీని అర్థం. చట్టంలోని ‘పోషణ’కు ఇది దగ్గరి మాట. రెండవది ‘చూచుట’. ‘కొడుకులు చూస్తలేరు’ అని ఒక తల్లి అన్నప్పుడు ఆ కొడుకులు ఆమె కళ్లెదుటే తిరుగుతూ ఉండవచ్చు. ఇక్కడ చూపు బాధ్యతకు పర్యాయపదం. మూడవది ‘అరుసుకొనుట’. కావ్యభాషలోని ‘అరయు’ ధాతువు నుండి వచ్చిన మాట ఇది. చూచు, విచారించు, తెలిసికొను అనే అర్థాలు దానిలో ఒకటిగా కలిసి ఉన్నాయి. ఒకరి మంచిచెడ్డలను అడిగి తెలుసుకొని, తెలిసినదానికి తగినట్లు నడుచుకోవడమే అరసికొనుట.

ఈ మూడింటిలో మొదటిది ఎదుటి మనిషి మాట్లాడకపోయినా జరిగిపోతుంది. మూడవది ఎదుటి మనిషి నోరు విప్పనిదే జరగదు. ఈ భేదమే ఈ వ్యాసానికి ఆధారం.

అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలంతోపాటు తల్లిదండ్రులను కూడా నెలల వంతున పంచుకొనే ఆచారం మన పల్లెల్లో ఉంది. నిజానికి వంతు కూడా ఒక ప్రమాణమే. ఎవరికీ ఎక్కువ తక్కువలు రాకుండా లెక్క సరిపోతుంది. అయితే ఆ లెక్క అన్నదమ్ముల మధ్య న్యాయాన్ని కొలుస్తుంది. తల్లికి జరిగిన న్యాయం దానిలో ఎక్కడా నమోదు కాదు. నెల తిరిగేసరికి బట్టల మూట కట్టుకొనే ఆమెకు సంవత్సరంలో ఒక్కనాడైనా ‘నా ఇల్లు’ అనదగినది ఉండదు. ఇచ్చేవారి సౌకర్యానికి ఏర్పడిన కొలత పుచ్చుకొనేవారి బాధను ఎట్లా దాటిపోగలదో చెప్పడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

‘సేవ’ అన్న మాట చరిత్ర కూడా గమనింపదగినదే. ఏకవచనంలో అది భక్తికీ, వినయానికీ సంబంధించినది. దైవానికో, గురువుకో, పెద్దలకో చేసేది. బహువచనంలో ‘సేవలు’ కార్యాలయానికీ, అంగడికీ చెందినవి. బ్యాంకు సేవలు, వైద్య సేవలు, రవాణా సేవలు అంటున్నాం. ‘వృద్ధుల సేవ’ను ‘వృద్ధుల సంరక్షణ సేవలు’గా మార్చినప్పుడు వినయం తగ్గి హక్కు పెరుగుతుంది. ఈ మార్పును కేవలం పతనంగా భావించడం తొందరపాటు. వినయం ఇచ్చేవాని గుణం. అతడు దానిని మానుకోవచ్చు. హక్కు పుచ్చుకొనేవారి సొత్తు.

చట్టం కొలిచేది

2007 చట్టం ‘పోషణ’ను ఆహారం, వస్త్రం, నివాసం, వైద్యంగా నిర్వచించింది. వృద్ధులు ‘సాధారణ జీవనం’ గడపగలిగేటట్లు వారి అవసరాలు తీర్చడం సంతానం బాధ్యత అన్నది. ట్రిబ్యునలు ఇప్పించగల భృతికి నెలకు 10,000 రూపాయలు గరిష్ఠ పరిమితి. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ శిక్షగా ఉన్నాయి. 19వ సెక్షను వృద్ధాశ్రమాలను గురించినది. నిరుపేద వృద్ధులు కనీసం 150 మందికి వసతి కల్పించే ఆశ్రమాన్ని జిల్లాకు ఒకటి చొప్పున మొదలుపెట్టి రాష్ట్ర ప్రభుత్వం ‘స్థాపించవచ్చు’. వాటి నిర్వహణకు ప్రమాణాలను ‘నిర్దేశించవచ్చు’. ఈ ‘వచ్చు’ అన్న ప్రత్యయం మీదనే ఆశ్రమవాసుల భవిష్యత్తు ఆధారపడి ఉంది. సంతానానికి ‘వలయును’ అన్న చట్టం ప్రభుత్వం దగ్గరకు వచ్చేసరికి ‘వచ్చును’ అన్నది.

2019 డిసెంబరులో లోకసభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు ఈ లోపాన్ని కొంత గుర్తించింది. సంరక్షణ గృహాలకు నమోదును, కనీస ప్రమాణాలను ప్రతిపాదించింది. పోషణ నిర్వచనంలో భద్రతను చేర్చింది. ‘సాధారణ జీవనం’ స్థానంలో ‘గౌరవప్రదమైన జీవనం’ అన్న భావనను తెచ్చింది. ఆ బిల్లు చట్టం కాకముందే 2024లో ఆ లోకసభ కాలం ముగిసింది. సాధారణత్వం నుండి గౌరవానికి వేయదలచిన అడుగు అక్కడే ఆగింది. సాధారణ జీవనాన్ని బయటినుండి చూచి నిర్ణయించవచ్చు. గౌరవం ఉన్నదో లేదో నిర్ణయించడానికి అనుభవించేవారినే అడగాలి. అందువల్ల ఇది పదాల మార్పుగా మాత్రమే మిగలదు. సాక్షి ఎవరన్న ప్రశ్నను మార్చివేస్తుంది.

ధృతరాష్ట్రుని పదిహేనేండ్లు

సాక్షి ఎవరన్న ఈ ప్రశ్నను మన సాహిత్యం ఏనాడో లేవనెత్తింది. తిక్కన తెనిగించిన పర్వాలలో ఆశ్రమవాసపర్వం సాధారణంగా వైరాగ్య కథగా చదువబడుతున్నది. దానిని వృద్ధుల సంరక్షణ కథగా కూడా చదువవచ్చు. యుద్ధానంతరం ధృతరాష్ట్రుడు పదిహేనేండ్లు ధర్మరాజు నీడలో ఉన్నాడు. రాజోచితమైన భోజనం, శయ్యలు, వస్త్రాలు, పరిచారకులు, దానధర్మాలకు ధనం, ఏదీ తక్కువ కాలేదు. ఆ వృద్ధుని మనసు నొప్పించినవాడు తనకు శత్రువని ధర్మరాజు ఆజ్ఞాపించాడు. నేటి భాషలో చెప్పాలంటే ప్రమాణపత్రం ఉంది, పర్యవేక్షణ ఉంది, ఉల్లంఘనకు దండన ఉంది.

అయినా లోపం జరిగింది. ధర్మరాజుకు తెలియకుండా భీముడు పరుషాలాడాడు. కౌరవులను చంపిన తన బాహువులను తానే పొగడుకొన్నాడు. ఆ మాటలు గుడ్డివాడైన తండ్రి చెవిన పడ్డాయి. ధృతరాష్ట్రుడు రహస్యంగా ఆహారం తగ్గించుకొన్నాడు, నేలమీద పడుకొన్నాడు. ఆ సంగతి గాంధారికి తప్ప ఇతరులకు తెలియదు. వనవాసానికి అనుమతి కోరే వేళ ఆ మాట బయటపడినప్పుడు ధర్మరాజు తన్ను తానే నిందించుకొన్నాడు. వడ్డించిన అన్నం అతనికి తెలుసు. తినని అన్నం తెలియదు.

ధర్మరాజు తప్పులో క్రూరత్వం లేదు, లోభం లేదు. తాను ఇచ్చినదే ఆయనకు అందినదని నమ్మడం ఆ తప్పు. వృద్ధుల సేవలో జరిగే లోపాలలో చాలావాటికి మూలం ఈ నమ్మకమే. గల్ఫు దేశాలకు వలసపోయిన కుమారులున్న కుటుంబాలు కామారెడ్డి ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. నెలనెలా డబ్బు పంపే కొడుకు తన ధర్మం నెరవేరినదనే అనుకొంటాడు. అతని మనసులో కల్మషం లేకపోవచ్చు. ఫోనులో ‘తిన్నావా అమ్మా?’ అని అడిగితే ‘తిన్న బిడ్డా’ అనే జవాబే వస్తుంది. పక్కన ఎవరు నిలబడి వింటున్నారన్నది ఆ ఫోనులో వినబడదు.

ఈ కథ మరొక కఠిన ప్రశ్నను కూడా మన ముందుంచుతుంది. ధృతరాష్ట్రుడు నిర్దోషి కాడు. లక్క ఇంటినీ, జూదాన్నీ, ద్రౌపది పరాభవాన్నీ భీముడు మరువలేకపోవడం సహజం. ‘మమ్మల్ని సాదనివాణ్ణి మేమెందుకు సాదాలి?’ అన్న మాట పల్లెల్లో నేటికీ వినవస్తుంది. తాగుడుతో ఇల్లు గుల్లచేసిన తండ్రి విషయంలో ఆ మాటను తేలికగా తోసివేయలేము. 2007 చట్టం తల్లిదండ్రుల యోగ్యతను షరతుగా పెట్టలేదు. ధర్మరాజూ పెట్టలేదు. ప్రేమను ఆజ్ఞాపించడం ఎవరికీ సాధ్యం కాదు; భీముని చేత ధృతరాష్ట్రుని ప్రేమింపజేయడం ధర్మరాజు వల్లనే కాలేదు. ప్రమాణం అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే. ప్రేమ ఉన్నచోట దాని అవసరం అంతగా కనబడదు. ప్రేమ చచ్చిపోయినచోట మనిషికి మిగిలే చివరి ఆసరా అదే.

కొలతపై అభ్యంతరం

సేవను కొలిస్తే అది పద్దుల పుస్తకమవుతుందన్న అభ్యంతరం బలమైనదే. దీనికి విదేశానుభవం కూడా తోడ్పడుతుంది. ఆస్ట్రేలియాలో వృద్ధుల సంరక్షణకు ప్రమాణాలు, తనిఖీలు చాలాకాలంగా ఉన్నాయి. అయినా అక్కడి రాయల్ కమిషన్ 2019 అక్టోబరులో వెలువరించిన మధ్యంతర నివేదికకు ‘నిర్లక్ష్యం’ అన్న అర్థం గల పేరు పెట్టింది. 2021 మార్చిలో వెలువడిన తుది నివేదిక పేరు ‘సంరక్షణ, గౌరవం, మర్యాద’ అనే అర్థం కలది. 2019 జూలైలో అమలులోకి వచ్చిన ఎనిమిది ప్రమాణాలలో మొదటిది వృద్ధుల గౌరవానికీ, ఎంపికకూ సంబంధించినది; ఆరవది అభిప్రాయాలకూ, ఫిర్యాదులకూ సంబంధించినది. సంపన్న దేశంలో సైతం కాగితం మీది ప్రమాణం తనంతట తాను ఎవరినీ కాపాడలేదని ఈ అనుభవం తెలుపుతున్నది.

ఈ అనుభవం నుండి కొలతే వ్యర్థమని నిర్ణయించడం సరికాదు. ఏది కొలవాలో అది తెలుపుతున్నది. మంచాల సంఖ్య, పడక గది వైశాల్యం, వైద్యుడు వచ్చిన తేదీ ఇవన్నీ అవసరమే. ఇవి కనీస మెట్టు. వీటిపైన మూడు పరీక్షలు ఉండాలి.

మొదటిది ఫిర్యాదు. తనకు అన్నం పెట్టేవారి మీద వృద్ధురాలు నిర్భయంగా ఫిర్యాదు చేయగలుగుతున్నదా? ఫిర్యాదులు లేని ఆశ్రమం మంచి ఆశ్రమమని తనిఖీదారు వ్రాసుకొంటే అది ధర్మరాజు చేసిన తప్పే. వృద్ధులు స్వయంగా రాలేకపోతే వారు నియోగించిన వ్యక్తి గానీ, సంస్థ గానీ దరఖాస్తు చేయవచ్చునని, ట్రిబ్యునలు తనంత తానుగా కూడా విచారణ చేపట్టవచ్చునని 2007 చట్టం చెప్పడంలో ఈ వివేకమే ఉంది.

రెండవది నిరాకరణ. జొన్నరొట్టె కావాలని, ఈ పూట మందు వద్దని, ఆరుబయట మంచం వేయమని అనగల స్వేచ్ఛ ఆ మనిషికి ఉన్నదా? ధృతరాష్ట్రుడు అడవికి పోతానన్నప్పుడు ధర్మరాజు దుఃఖించాడు, వారించాడు, చివరకు వ్యాసుని మాట విని అనుమతించాడు. ఆ అడవిలోనే దావాగ్ని ఆయనను దహించింది. క్షేమం ఒక్కటే ప్రమాణమైతే ఆ అనుమతి లోపమవుతుంది. గౌరవం కూడా ప్రమాణమైతే అదే ఆ పదిహేనేండ్లలో ధర్మరాజు చేసిన ఉత్తమ సేవ అవుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఒత్తిడిని ఏ నియమావళీ పూర్తిగా తీర్చలేదు. దానిని దాచిపెట్టకపోవడమే నిజాయితీ.

మూడవది ఇవ్వగల అవకాశం. ఆ ప్రయాణంలో కుంతి కూడా కదిలింది. గెలిచిన కొడుకుల తల్లి, ఏ లోటూ లేని వృద్ధురాలు, మరి ఇద్దరు వృద్ధులకు సేవ చేయడానికి అడవికి పోయింది. మన ప్రమాణాలన్నీ వృద్ధులను పుచ్చుకొనేవారిగానే ఊహిస్తున్నాయి. కామారెడ్డి ప్రాంతంలో చూపు మందగించేదాకా బీడీలు చుట్టిన స్త్రీలు, మనుమల్ని పెంచిన అవ్వలు తమ విలువను తాము ఇచ్చినదానిలో చూచుకొన్నారు. 2014లో ఆసరా పథకం క్రింద వచ్చిన 1,000 రూపాయల పింఛను 2019లో 2,016 రూపాయలయింది. ఆ మొత్తం చిన్నదే కావచ్చు. కాని మనుమరాలి చేతిలో పది రూపాయలు పెట్టగల అవ్వకు ఆ ఇంట్లో ఉండే స్థానం వేరు. ఏ పనీ చేయనీయకుండా కూర్చోబెట్టి తినిపించడాన్ని గౌరవమనుకోవడం పొరపాటు.

ముగింపు

ప్రారంభంలో ఊహించిన తల్లి దగ్గరకు తిరిగి వద్దాం. నాలుగు ప్రశ్నలకూ ‘అవును’ అన్న ఆమె ఫిర్యాదుకు విలువ ఉన్నది. ఆమెను సాదుతున్నారు, అరుసుకోవడం లేదు. ఈ లోపానికి భృతిని పెంచడం పరిష్కారం కాదు. ట్రిబ్యునలు ఆమెకు ప్రేమను ఇప్పించలేదు. ఐదవ ప్రశ్న ఒకటి అడిగి, జవాబు కోసం కొంతసేపు ఆగడం మాత్రం దాని చేతిలో ఉంది: ‘ఇంట్లో నీతో ఎవరు మాట్లాడుతున్నారమ్మా?’

నాణ్యతా ప్రమాణం ప్రేమకు కొలత కాజాలదు. సేవ చేసేవాడు తన సేవకు తానే సాక్షి కాలేడని ఒప్పుకోవడమే దానిలోని నైతిక సారం. ఆ ఒప్పుకోలు ప్రభుత్వ ఆశ్రమానికి ఎంత అవసరమో, ప్రేమగల కొడుకు ఇంటికీ అంతే అవసరం. ధర్మరాజంతటివాడికి పదిహేనేండ్లు తెలియనిది మనకు అడగకుండానే తెలుసుననుకోవడం సాహసం.