ఎదురుపడటం ఎప్పుడు చంపడమైంది?

'ఎన్‌కౌంటర్' అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువులో అర్థం చూద్దాం. ఎదురుపడటం, తారసపడటం, తలపడటం. చంపడం అనే అర్థం మన దేశంలో దానికి తోడైంది. అలా తోడైన చరిత్రలో మన కొండలూ ఉన్నాయి.

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్లు సభకు వెళుతున్న కోరన్న, మంగన్నలను భూస్వాముల పక్షం వారు కాల్చి చంపారు. దాన్ని మనం హత్య అన్నాం. నిందితులను కోర్టు విడిచిపెట్టింది. అయినా 'ఎవరు చంపారు?' అన్న ప్రశ్న కోర్టు గడప తొక్కింది. 1970 జులై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయినప్పుడు ప్రభుత్వం చెప్పిన మాట ఎన్‌కౌంటర్. పట్టుకుని చంపారని ఉద్యమకారులు అన్నారు.

'చంపారు' అంటే ఎవరని అడుగుతాం. 'ఎన్‌కౌంటర్‌లో మృతి' అన్న వాక్యంలో చంపినవాడే కనబడడు. 'ఎదురుకాల్పులు' అన్నామంటే రెండువైపులా తుపాకులు పేలాయని విచారణకు ముందే ఒప్పుకున్నట్టు. మన జనం మాత్రం 'ఎన్‌కౌంటర్ చేశారు' అంటారు. ఆ 'చేశారు'తో చేసినవాడు మళ్ళీ వాక్యంలోకి వస్తాడు. చదువురాని నోరు సరిదిద్దిన వ్యాకరణం అది.

చట్టం అడిగేదీ ఇదే. ఆత్మరక్షణకే కాల్చామంటే అది విచారణలో తేలాలనీ, ముందు కేసు నమోదు కావాలనీ 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2014లో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలన్నింటికీ కేసు, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ ఉండాలని మార్గదర్శకాలిచ్చింది.

అయితే ఈ గీటురాయి ఒక వైపుకే పెడితే అన్యాయం. 'వర్గశత్రు నిర్మూలన' అన్న మాటలోనూ మనిషి కనబడడు, కలుపుమొక్క కనబడుతుంది. 'ఇన్‌ఫార్మర్‌కు శిక్ష' అన్నప్పుడు చనిపోయినవాడు చాలాసార్లు మన గిరిజనుడే. ఆ ఇంట్లో ఏడ్చే తల్లికి రెండు మాటలకూ తేడా లేదు.

చంపడం ఎప్పుడైనా న్యాయమవుతుందా అన్నది పెద్ద ప్రశ్న. దానికి జవాబు వెతికే ముందు, చంపడాన్ని చంపడం అని పిలవాలి. పేరు మార్చినవాడు జవాబు చెప్పకుండా తప్పుకుంటాడు.

టీచర్లకు మా మనవి ఒకటే. పేపర్లో అలాంటి వార్త వస్తే పిల్లల చేత చదివించండి. ఎవరు చనిపోయారు, ఎవరు చంపారు, ఎవరు చెబుతున్నారు అని అడగండి. తెలియనిచోట ఖాళీగా ఉంచమనండి. ఖాళీ కనబడితే రేపు ఎవరైనా అడుగుతారు.