బాగున్నావా అని అడిగే పని ఎవరిది?

2023లో విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వందమందీ అంతకుమించీ పిల్లలుంటే, బడైనా కోచింగ్ సెంటరైనా కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో తీర్పొచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని కూడా అంది. ఈ రెండోదానికి పైసా ఖర్చు లేదు, అయినా అదే కష్టం.

కౌన్సెలర్ అనే మాట రాకముందు? పాతనగరంలో సెయింట్ అలోషియస్ బడి 1847 నుంచీ ఉంది. అలాంటి క్రైస్తవ బళ్ళలో "ఏమైందిరా, అలా ఉన్నావ్?" అని ఫాదరో, సిస్టరో, పీటీ సారో అడుగుతారని అమ్మానాన్నల నమ్మకం. చర్చి పిల్లలు కేటకిజంకీ, మిగతావాళ్ళు మోరల్ సైన్స్‌కీ విడిపోయినా ఆ ప్రశ్న అందరిదీ.

కానీ చిక్కుంది. అడిగే మనిషే టీసీ మీద సంతకం పెట్టే మనిషి. పిల్లాడు "బానే ఉన్నా ఫాదర్" అనేస్తాడు. కౌన్సెలర్‌కి ఆ పెత్తనం ఉండదు, పిల్లాడెవరో కూడా తెలీదు. నా భయం ఇంకోటి: గది ఉంది కదా, అక్కడికెళ్ళు అని మిగతావాళ్ళంతా అడగడం మానేస్తారేమో. నాలుగు రోజులుగా క్యారేజీ మూత తియ్యని పిల్లని ఆ గదిలోంచి చూడటం కుదరదు. పక్క సీటు పిల్ల చూస్తుంది, దాన్ని వేరే బ్యాచ్‌కి మార్చెయ్యకపోతే.